బేస్ గిటార్ మోసిన దుఃఖం

నాన్న పోయిన పదకొండో రోజు కార్యం ముగిసి, చుట్టాలందరూ నల్లగొండ బస్టాండు దారి పట్టిన సాయంత్రం, డాబా మీద కూర్చుని ‘ది క్యూర్’ అనే ఇంగ్లండు రాక్ బృందం 1981 ఏప్రిల్‌లో విడుదల చేసిన ‘ఫెయిత్’ ఆల్బమ్‌ను మొదటి నుండి చివరి దాకా విన్నాను. అంతకుముందు విన్నదే, కానీ అప్పటివరకు నాకది చీకటీ విషాదమూ నిండిన గోత్ సంగీతానికి దారి వేసిన, పంక్ రాక్ తరువాతి ‘పోస్ట్-పంక్’ ఆల్బముల్లో ఒకటి మాత్రమే. పక్కన కూర్చున్న పెద్దమ్మ ఒక ఇయర్‌ఫోన్ తీసి చెవిలో పెట్టుకుని, కాసేపు విని, “ఒక్క తీరుగనే మోగుతున్నది గద బిడ్డా, పాటెప్పుడు మొదలైతది?” అని అడిగింది.

పాట అప్పటికే మొదలైంది. ఈ ఆల్బమ్‌లో సంగతంతా అక్కడే ఉంది. మామూలుగా లోతైన స్వరాలు పలికే బేస్ గిటార్ కింద ఉండి పాటను మోస్తుంది, గిటారు పైన రాగం పలుకుతుంది. ఇక్కడ ‘ది హోలీ అవర్’ మొదలుకాగానే బృందంలోని సైమన్ గ్యాలప్ వాయించే బేస్ ముందుకు వచ్చి రాగాన్ని తన భుజాన వేసుకుంటుంది. గాయకుడు రాబర్ట్ స్మిత్ గొంతు చాలాసేపటి తరువాత, వెనుక గదిలో నుండి వచ్చినట్టుగా వినిపిస్తుంది. ‘ప్రైమరీ’లోనైతే స్మిత్ కూడా గిటారు పక్కన పెట్టి బేసే పట్టాడు. ఆ పాటకున్న వేగమూ బరువూ ఆ రెండు బేస్‌లు ఒకదానినొకటి తరుముకోవడంలో నుండి పుట్టినవే. ‘ఆల్ క్యాట్స్ ఆర్ గ్రే’, ‘ది ఫ్యునరల్ పార్టీ’ పాటల్లో కీబోర్డు పొగలా కమ్ముకుంటుంది, డ్రమ్ము మాత్రం ఎక్కడా గొంతు పెంచదు. మన దగ్గర చావు డప్పు ఊరికంతటికీ వినబడేలా మోగుతుంది. ఇక్కడి డ్రమ్ము, అందరూ వెళ్ళిపోయాక ఇంట్లో మిగిలిన గడియారం వంటిది.

ఆ డ్రమ్ము వాయించిన లాల్ టోల్‌హర్స్ట్ తల్లి అప్పటికే జబ్బుపడి ఉంది. ఆల్బమ్ వెలువడిన రెండు నెలలకు, జూన్‌లో, బృందం కచేరీలు చేస్తూ తిరుగుతుండగా ఆమె చనిపోయింది. ఈ విషయం తెలిశాక ఆ నింపాది దెబ్బలను నేను మునుపటిలా వినలేకపోయాను.

అట్ట మీద పొగమంచులో కలిసిపోయిన ఆకారం యార్క్‌షైర్‌లోని బోల్టన్ మఠానిది. 12వ శతాబ్దంలో కట్టి, తరువాత శిథిలమైన కట్టడం అది. దాన్ని చూసినప్పుడల్లా నాకు మా పానగల్లు ఛాయా సోమేశ్వరాలయం గుర్తుకు వస్తుంది. కందూరు చోడుల కాలం నాటి ఆ గుడిలో, లింగం వెనుక గోడ మీద పగలంతా ఒక నీడ కదలకుండా నిలిచి ఉంటుంది. ఆ నీడ ఫలానా స్తంభానిదని వేలు పెట్టి చూపడం కష్టం. ఈ పాటల్లోని దుఃఖం కూడా అటువంటిదే: అది ఎవరి కోసమో, ఎందుకోసమో స్మిత్ విడమరచి చెప్పడు, అయినా ఎనిమిది పాటల్లోనూ అది ఒకే చోట నిలిచి ఉంటుంది. ‘ది డ్రౌనింగ్ మ్యాన్’కైతే స్పష్టమైన ఆధారం ఉంది, ఆంగ్ల రచయిత మెర్విన్ పీక్ నవలల్లో నీట మునిగి చనిపోయే ఫ్యూషా కథ. అందులో ప్రతిధ్వనించే గొంతు వింటుంటే, నీటి అడుగు నుండి పైకి చూస్తున్నట్టుగా ఉంటుంది.

నాకు నచ్చనిది ‘డౌట్’. ఆ కోపం నిజమైనదే కావచ్చు, కానీ ఈ వరుసలో అది తలుపు దబాలున వేసిన చప్పుడులా తగులుతుంది. ఆ ఆవేశానికి సరైన చోటు మరుసటి సంవత్సరం, 1982లో వచ్చిన ఆల్బమ్‌లో దొరికింది. దాన్నే గొప్పదనేవారు చాలామంది, నేను మాత్రం కేకలు వేసే బాధకన్నా ఈ అణచిపెట్టుకున్న బాధనే ఎక్కువగా నమ్ముతాను.

ఆల్బమ్ పేరునే మోసే చివరి పాట దాదాపు ఏడు నిమిషాలు సాగుతుంది. తొందర లేని ఆ బేస్ మెట్ల మీదుగా స్మిత్ గొంతు మెల్లగా నడిచి వెళ్ళిపోతుంది. అది ముగిసేసరికి ఉదయ సముద్రం చెరువు వైపు ఆకాశం పూర్తిగా చీకటి పడింది. పెద్దమ్మ మళ్ళీ ఏమీ అడగలేదు, చెవిలోని ఇయర్‌ఫోన్ కూడా తీయలేదు.