ఆదివారం మెయిల్ పెట్టినందుకు

సోమవారం పొద్దున్నే మా క్లస్టర్ని, అంటే లెక్కల కోసం కలిపి పెట్టిన కంప్యూటర్ల గుంపుని, చూసుకునే ఆవిడ నా టేబుల్ దగ్గరికొచ్చి, "ఆదివారం రాత్రి మెయిల్ పెట్టకండి, అది చూశాక నాకిక సెలవు లేనట్టే" అంది. మెల్లగానే చెప్పింది, నవ్వుతూనే, అయినా చివుక్కుమంది. డిస్క్ నిండిపోయి నా రన్, అంటే నడుస్తున్న లెక్క, ఆగిపోతే రాయకుండా ఎలా ఉంటాను?

జర్మనీలో నేను చేసేది ఇదీ: అంతరిక్షం నుంచి దిగే నౌక ముందు గాలి ఎలా వేడెక్కుతుందో కంప్యూటర్లో అణువుల లెక్కన చూడటం. సెకనుకు ఏడెనిమిది కిలోమీటర్ల వేగంతో వస్తుంటే ముందున్న గాలి వేల డిగ్రీలకు పోతుంది, కానీ ఆ వేడి అణువులో అంతటికీ ఒకేసారి చేరదు. అటూ ఇటూ పరిగెత్తడానికీ, గిరగిరా తిరగడానికీ తొందరగానే అందుతుంది. నైట్రోజన్ లోపలి కంపనానికి మాత్రం, అంత వేడిలోనూ, వందలసార్లో వేలసార్లో గుద్దుకుంటే గానీ అందదు. మా పలాసలో జీడిపిక్కలు కాల్చేటప్పుడు తొక్క మాడుతున్నా లోపలి పప్పు ఇంకా పచ్చిగానే ఉంటుంది చూడండి, అలాగ. ఆ ఆలస్యాన్ని వదిలేస్తే ఆక్సిజన్ ఎక్కడ విడిపోతుందో, నౌక కవచానికి ఎంత వేడి తగులుతుందో అన్నీ తేడా కొట్టేస్తాయి. 1960ల్లో గ్రేమ్ బర్డ్ అనే శాస్త్రవేత్త మొదలుపెట్టిన పద్ధతే మాదీ, ఏ అణువు దేన్ని గుద్దుకోవాలో ర్యాండమ్ నంబర్లు తేలుస్తాయి. అందువల్ల నాయిస్, అంటే జవాబులో ఉండే ఊగిసలాట, సగానికి తగ్గాలంటే నాలుగింతల శాంపిల్స్ కావాలి. రోజుల తరబడి నడవాల్సిన రన్ శనివారం ఆగితే రెండ్రోజులు గాలికి పోయినట్టే.

2018 అక్టోబర్లో తిత్లీ తుఫాను మా వైపు కొబ్బరినీ జీడినీ నేలకి పడేసినప్పుడు కరెంటోళ్ళు రాత్రనక పగలనక స్తంభాలెక్కారు, సెలవు మాట ఎవరి నోటా రాలేదు. ఇది ఆవిడకి చెబుదామనుకున్నాను. డిస్క్ నిండటం తుఫానా అని అడిగితే ఏం చెప్పాలి? పైగా ఆ స్తంభం మీదున్నవాళ్ళ ఇళ్ళల్లో దీపం వెలిగిందో లేదో మనలో ఎవరం అడిగాం గనక. అయినా సరే, సాయానికి కూడా టైమింగ్స్ ఉండటం నాకు మింగుడుపడదు.

అమ్మకి ఫోన్లో చెప్పుకుంటే, నా వైపు మాట్లాడుతుందనుకున్నాను. "సెలవు తీసుకోమన్నందుకు ఏడుస్తావేట్రా? అన్నం తిన్నావా?" అంది.

ఇప్పుడు మెయిల్ ఆదివారమే రాసి సోమవారం ఎనిమిదికి వెళ్ళేలా పెడుతున్నాను, డిస్క్ ఖాళీ ఉందో లేదో శుక్రవారమే చూసుకుంటున్నాను.