సుంకం అనే పాత మాట

విశాఖ పోర్టు పరిసరాల్లో ‘దిగుమతి సుంకం’ అన్న మాట వినని రోజు ఉండదు. 1933లో మొదలైన ఈ రేవు కంటే ఆ మాట ఎన్నో వందల ఏళ్ళు పెద్దది. సంస్కృతంలోని ‘శుల్కం’ ప్రాకృతంలో ‘సుంక’గా మారి, ఆ రూపంతోనే మనకు చేరింది. మూలపదం కూడా వేరే దారిన తెలుగులోకి వచ్చింది: పిల్లకు కట్టే వెల కన్యాశుల్కం, సరుకుకు కట్టే వెల సుంకం. ఆ పొరుగుతనం నాకు ఇప్పటికీ ఇబ్బందిగానే అనిపిస్తుంది.

సుంకం ప్రధానంగా దారిలోనో రేవులోనో సరుకును ఆపి వసూలు చేసేది. పొలానికి కట్టేది శిస్తు. కాకతీయ గణపతిదేవుడు 1244లో మోటుపల్లిలో వేయించిన అభయ శాసనం, ఓడలు తుపానుకు చెదిరి ఒడ్డుకు కొట్టుకువస్తే వాటి సరుకును పూర్వరాజులు బలవంతంగా లాక్కునేవారని చెప్పి, ఇకపై నిర్ణీత శుల్కం మాత్రమే తీసుకుంటామని సముద్ర వర్తకులకు మాట ఇచ్చింది. ఎగుమతి దిగుమతులపై అది ముప్పైలో ఒక వంతు. వర్తకుడికి కావలసింది తక్కువ పన్ను కంటే ముందుగా తెలిసిన పన్ను అని ఆ రాజు గ్రహించాడు.

వసూలు చేసేవాడు సుంకరి. తెలుగు బైబిలులో మత్తయి సుంకరే. సుంకర ఇంటిపేరువారు నేటికీ ఎందరో. సుంకం ఎగ్గొట్టాలని రాత్రంతా అడ్డదారిన నడిచిన బండివాడికి సరిగ్గా సుంకరి పాక ముందే తెల్లవారడాన్ని పండితులు ఘట్టకుటీ ప్రభాత న్యాయం అంటారు.