నాలుగో గడి

పగలు ఒక సంస్థలో ఉద్యోగుల జీతాల లెక్కలు చూస్తాను. రాత్రి భోజనాలయ్యాక కంప్యూటర్ ముందు కూర్చుని మళ్లీ జీతాల లెక్కలే చూస్తాను. మా ఆవిడకు ఇది ఇప్పటికీ అంతుపట్టదు. ‘అవుట్ ఆఫ్ ది పార్క్ బేస్‌బాల్’ అనే ఆటలో బ్యాటు తిప్పే పని ఉండదు. జనరల్ మేనేజరు కుర్చీలో కూర్చుని ఎవరిని ఉంచుకోవాలి, ఎవరికి ఎన్నేళ్ల ఒప్పందం రాయాలి అన్నవి తేల్చుకోవాలి.

పిట్స్‌బర్గ్ పైరేట్స్ అనే జట్టును తీసుకున్నాను. బడ్జెట్ చిన్నది. మొదటి చలికాలంలోనే 32 ఏళ్ల ఫస్ట్ బేస్‌మన్ (మొదటి బేస్ దగ్గర ఫీల్డింగ్ చేసేవాడు) ఒకడు కంటబడ్డాడు. అయిదేళ్లకు 9 కోట్ల డాలర్లు అడిగాడు. ఆ ఏడాదికి నా దగ్గర మిగిలింది కోటి లోపే. ఒప్పందం తెరలో ఏడాదికొక గడి ఉంటుంది. 80 లక్షలు, 1.2 కోట్లు, 1.8, 2.4, 2.8 అని నింపాను. సంతకం పెట్టాడు. నా తెలివికి నేనే మురిసిపోయాను. ఆఫీసులో ఎవరైనా ఇలాంటి కాగితం తెచ్చి ఉంటే చదవకుండానే తిప్పి పంపేవాణ్ణి.

మూడేళ్లు హాయిగా గడిచాయి. అది నా ఒప్పందం గొప్ప కాదు, కుర్రాళ్ల చలవ. అమెరికా బేస్‌బాల్‌లో పై స్థాయి అయిన మేజర్ లీగ్‌లో మూడేళ్ల సర్వీసు నిండేదాకా ఆటగాడికి కనీస వేతనం ఇచ్చినా సరిపోతుంది. 2025లో అది 7.6 లక్షల డాలర్లు. ఆ తర్వాత ఆర్బిట్రేషన్, అంటే జీతం మీద మధ్యవర్తిత్వం, మొదలవుతుంది. ఆటగాడు ఒక అంకె చెబుతాడు, జట్టు ఒక అంకె చెబుతుంది, మధ్యవర్తులు రెండింటిలో ఒకదాన్నే ఎంచుతారు. చెరి సగం అనే మాటే లేదు. ఆరేళ్లు నిండితే అతను స్వేచ్ఛాజీవి, ఏ జట్టుతోనైనా ఒప్పందం చేసుకోవచ్చు. సర్వీసులో ఏడాది అంటే మేజర్ లీగ్ జట్టులో 172 రోజులు. 2015లో చికాగో కబ్స్ క్రిస్ బ్రయంట్‌ను కాస్త ఆలస్యంగా జట్టులోకి పిలిచింది. అతను 171 దగ్గర ఆగిపోయాడు. ఆ ఒక్క రోజుతో అతని స్వేచ్ఛ ఏడాది వెనక్కి జరిగింది.

నా షార్ట్‌స్టాప్ (రెండో, మూడో బేస్‌ల మధ్య ఫీల్డింగ్ చేసేవాడు), ఇద్దరు పిచర్లు (బంతి విసిరేవాళ్లు) ఒకే వసంతంలో జట్టులోకి వచ్చారు. కాబట్టి ముగ్గురూ ఒకేసారి ఆర్బిట్రేషన్‌కు చేరారు, ముగ్గురికీ జీతం పెంచాల్సి వచ్చింది. అది నాలుగో ఏడు. ఫస్ట్ బేస్‌మన్‌కు 35 నిండాయి, బ్యాటింగ్ సగటు 0.211 మాత్రమే, జీతం 2.4 కోట్లు. వచ్చే ఏడాదికి బడ్జెట్ పెంచేది లేదని యజమాని సందేశం కూడా అప్పుడే వచ్చింది.

వదిలేద్దామా? బేస్‌బాల్‌లో ఒప్పందం డబ్బుకు పూచీ ఉంటుంది, ఇంటికి పంపినా చివరి డాలరు వరకు ఇవ్వాలి. న్యూయార్క్ మెట్స్ ఇలాగే బాబీ బొనియాకు 59 లక్షలు బాకీపడి, ఎనిమిది శాతం వడ్డీతో వాయిదా వేసింది. 2011 నుంచి 2035 వరకు ఏటా జులై 1న దాదాపు 11.9 లక్షలు కడుతూనే ఉండాలి. అతను ఆడటం మానేసింది 2001లో! కింది స్థాయి జట్టుకు దించుదామంటే, అయిదేళ్ల సర్వీసు దాటినవాడు కుదరదనవచ్చు. కుదరదన్నాడు.

ఇక మిగిలింది మార్పిడి, అంటే అతన్ని వేరే జట్టుకు ఇచ్చేయడం. జట్టు తర్వాత జట్టును అడిగాను. ఉచితంగా ఇస్తానన్నా ఎవరూ తీసుకోలేదు. మిగిలిన జీతంలో సగం నేనే భరిస్తానన్నాను. అప్పుడు ఒక జట్టు కాస్త మెత్తబడి, డబుల్-ఏ అనే కింది స్థాయి లీగ్‌లో ఉన్న మా 21 ఏళ్ల ఎడమచేతి పిచర్‌ను కూడా కలపమంది. అరగంట ఆ పేరు మీదే మౌస్ తిప్పుతూ కూర్చుని, చివరికి సరేనన్నాను. మిగిలిన డబ్బుతో షార్ట్‌స్టాప్‌కు ఆరేళ్ల ఒప్పందం రాశాను. ఈసారి ఆరు గడుల్లోనూ ఒకే అంకె.

మరుసటి ఏడాది జూన్‌లో ఆ జట్టు మా మైదానానికి వచ్చింది. ఆ ఎడమచేతి కుర్రాడు ఏడు ఇన్నింగ్స్ వేసి ఒక్క పరుగూ ఇవ్వలేదు. ఫస్ట్ బేస్‌మన్ బెంచీ మీద కూర్చుని చూశాడు. అతని జీతంలో 1.4 కోట్లు నా లెక్కలోనే ఉన్నాయి.