బకెట్ నీళ్లు
దుబాయ్‌లో జులై. కుళాయి తిప్పితే కాగిన నీళ్లే వస్తాయి, మిద్దె మీద ట్యాంకు ఎండలోనే కదా. మొదటి ఏడాది అవే నీళ్లు రోజూ పోసి నా పోర్చులకేరియా బోన్సాయ్‌ని, కుండీలో పొట్టిగా పెంచుకుంటున్న దళసరి ఆకుల మొక్కని, చంపుకున్నాను. మొదలు నొక్కితే వేలు మెత్తగా లోపలికి దిగింది. ఆ మెత్తదనం ఇంకా గుర్తుంది.

ఇప్పుడున్నది దాని పై కొమ్మే. నాలుగు రోజులు నీడలో ఆరబెట్టి, ప్యూమిస్ అనే తేలికపాటి బొరియల రాళ్లలో గుచ్చాను. దక్షిణాఫ్రికాలో ఏనుగులు మేసే మొక్క ఇది. నీళ్లు కరువైతే పగలు ఆకు రంధ్రాలు మూసేసి, రాత్రి తెరిచి, ఉన్న తడిని కాపాడుకుంటుంది. అందుకే ఆకులు ముడతలు పడ్డాకే పోస్తున్నా. అదీ రాత్రి పట్టి ఉంచిన బకెట్లోంచి, తెల్లారుజామున, కుండీ అడుగు నుంచి కారేదాకా.

ఇవాళ ఎర్రటి కాడకి గోరంత చిగురు! అమ్మకి వీడియో కాల్‌లో చూపించాను.

"నీళ్లు పోశావా తల్లీ?"

"ఇంకా ముడతలు రాలేదమ్మా, ఆగుదాం."