మెడలో టీబీ: ఆరు నెలల మందులు, 1948 నాటి హామీ

టీబీ అనగానే అందరికీ దగ్గు, కఫంలో రక్తం గుర్తొస్తాయి. నాకు రెండూ లేవు. చెవి కింద మెడ పక్కన గడ్డ లేచింది. నొక్కితే నొప్పి లేదు, రబ్బరులా అటూ ఇటూ కదిలేది. సాయంత్రానికి ఒళ్లు వెచ్చబడేది, రాత్రి చెమటకి దిండు గలీబు తడిసిపోయేది. తూర్పు లండన్‌లో మందుల షాపు కౌంటర్ వెనక పనిచేసేవాణ్ని కనుక ఏమై ఉంటుందో ఊహ ఉంది. దక్షిణాసియా నుంచి వచ్చినవాళ్లలో ఊపిరితిత్తుల బయట వచ్చే టీబీ ఎక్కువ, అందులో మెడ గ్రంథులదే పెద్ద వాటా.

"వీసాకి ఎక్స్‌రే తీయించుకునే కదా వచ్చావు, మళ్లీ ఇదెక్కడిది?" అని ఇంటి నుంచి ఫోన్‌లో అడిగారు. ఆరు నెలలు దాటి ఉండే వీసాకి ఇండియాలో తీసే ఛాతీ ఎక్స్‌రే ఊపిరితిత్తుల్లో అప్పటికే రగులుతున్న జబ్బునే పట్టుకుంటుంది. ఒంట్లో నిద్రపోతున్న క్రిమి అందులో కనపడదు. అది ఎన్నో ఏళ్ల తర్వాతైనా లేవొచ్చు.

పరీక్ష దగ్గర జరిగే పొరపాటు ఒకటి చెప్పాలి. గడ్డ నుంచి తీసిన ముక్కనంతా ఫార్మలిన్ (కణజాలం కుళ్లకుండా ఉంచే ద్రవం) సీసాలో వేస్తే క్రిమి చచ్చిపోతుంది, ఇక కల్చర్ (ల్యాబ్‌లో క్రిమిని పెంచి చూసే పరీక్ష) కుదరదు. ఏ మందుకి లొంగుతుందో తెలుసుకునే దారి దాదాపు మూసుకుపోతుంది. క్యాన్సర్ అనుమానంతో పంపినప్పుడే ఇలా ఎక్కువగా జరుగుతుంది, ఎందుకంటే ఆ విభాగంవాళ్ల చేయి ఫార్మలిన్ సీసా మీదికే వెళ్తుంది. "కొంత ముక్క టీబీ కల్చర్‌కి విడిగా పంపుతున్నారా?" అని సూది గుచ్చకముందే అడగండి, మర్యాద తప్పేదేమీ లేదు. పీసీఆర్ ఫలితం త్వరగానే వస్తుంది, కల్చర్‌కి ఆరు వారాల దాకా పట్టొచ్చు. గ్రంథుల్లో క్రిములు తక్కువ కాబట్టి రెండూ నెగటివ్ వచ్చినా జబ్బు లేదని కాదు. మైక్రోస్కోపు కింద కణజాలం తీరు చూసి మందు మొదలుపెడతారు.

మందు ఆరు నెలలు. మొదటి రెండు నెలలు నాలుగు రకాలు: రిఫాంపిసిన్, ఐసోనియాజిడ్, పైరజినమైడ్, ఇథాంబుటాల్. తర్వాత నాలుగు నెలలు మొదటి రెండే. ఇక్కడ మొదటి మూడింటినీ కలిపిన రిఫాటర్ బిళ్ల ఇస్తారు. 50 నుంచి 64 కిలోల బరువుంటే రోజుకి ఐదు, 65 దాటితే ఆరు. ఇథాంబుటాల్ విడిగా, కిలోకి 15 మిల్లీగ్రాముల లెక్కన. చేతులు కాళ్లు తిమ్మిరెక్కకుండా పైరిడాక్సిన్ 10 మిల్లీగ్రాములు. అన్నీ పరగడుపున, టిఫిన్‌కి అరగంట ముందు. కడుపులో తిప్పుతోందని అన్నం మీద వేసుకుంటే రిఫాంపిసిన్ సరిగా ఒంటికి పట్టదు. ఎసిడిటీ మందు (యాంటాసిడ్) వీటితో కలిపి వేసుకోకూడదు, ఎంత ఎడం ఉండాలో క్లినిక్‌ని అడగండి.

మూత్రం నారింజ రంగులో వస్తుంది, కన్నీళ్లు కూడా. మెత్తటి కాంటాక్ట్ లెన్సులు మరకపడి పాడైపోతాయి. గర్భనిరోధక మాత్రలు వాడే ఆడవాళ్లకి రిఫాంపిసిన్ ఉన్నంతకాలం, ఆపాక నాలుగు వారాల దాకా వాటిమీద నమ్మకం పెట్టుకోవద్దని గట్టిగా చెప్పాలి. ఇథాంబుటాల్ మొదలుపెట్టేముందు రంగు చుక్కల మధ్య అంకెలు చదివించే పుస్తకం చూపిస్తారు. ఆ తర్వాత ఎరుపు, ఆకుపచ్చ వెలిసిపోయినట్టు కనిపిస్తే ఆ మాత్ర ఆపి అదే రోజు టీబీ క్లినిక్‌కి ఫోన్ చేయాలి. వాంతులు, కళ్లు పచ్చబడటం కాలేయం దెబ్బతింటోందన్న సంకేతం. కాలేయపు ఎంజైములు మామూలు హద్దుకి ఐదు రెట్లు దాటినా, కామెర్లు వచ్చినా అన్ని మందులూ ఆపేస్తారు, తగ్గాక ఒక్కొక్కటిగా మళ్లీ మొదలుపెడతారు.

నన్ను బాగా కంగారుపెట్టింది మాత్రం వేరే. మందు మొదలెట్టిన కొన్నాళ్లకి గడ్డ తగ్గకపోగా పెద్దదైంది, పక్కన ఇంకోటి లేచింది. చచ్చిన క్రిముల మీద ఒంటి రక్షణ వ్యవస్థ విరుచుకుపడటం వల్ల ఇలా అవుతుంది, గ్రంథుల టీబీలో తరచూ చూసేదే. మందు పనిచేయట్లేదని సగంలో మానేసేవాళ్లు ఇక్కడే మానేస్తారు. కల్చర్‌లో మందుకి లొంగుతోందని తేలితే అదే మందు కొనసాగిస్తారు. మరీ బిగిస్తే సూదితో చీము లాగుతారు, కొందరికి స్టెరాయిడ్ ఇస్తారు.

ఇంతకీ ఈ మొత్తానికి నేను కట్టింది సున్నా. ఇంగ్లండ్‌లో మామూలు మందుచీటీకి ఒక్కో మందుకి 9.90 పౌండ్లు తీసుకుంటారు, టీబీ మందులకి తీసుకోరు. సందర్శకుల వీసా మీద వచ్చినవాళ్లకైనా, కాగితాలు లేనివాళ్లకైనా టీబీ పరీక్ష, వైద్యం ఉచితమే. మందుల వల్ల వచ్చే దురదకి సెటిరిజిన్ (అలర్జీ మాత్ర) రాయిస్తే మాత్రం ఆ 9.90 పడుతుంది. చీటీ లేకుండా కొనుక్కుంటే అంతకంటే చాలా చవక.

యుద్ధం తర్వాతి బ్రిటన్ సంక్షేమ సంస్కరణలు పనిచేశాయా అంటే టీబీ రోగిగా నేను రెండు జవాబులు చెబుతాను. వైద్యం వైపు ఆ హామీ నిలబడింది. 1948 జూలై 5న అందరికీ ఉచిత వైద్యమన్న హామీతో ఎన్‌హెచ్‌ఎస్ (బ్రిటన్ ప్రభుత్వ వైద్య సేవ) మొదలయ్యేనాటికి ఇంగ్లండ్, వేల్స్‌లో టీబీ ఏటా 20 వేలమందికి పైగా ప్రాణాలు తీస్తోంది. నర్సులు దొరక్క శానటోరియంలలో (టీబీ రోగుల్ని ఉంచే ఆసుపత్రులు) మంచాలు ఖాళీగా ఉండేవి, 1951 నుంచి కొందరు రోగుల్ని స్విట్జర్లాండ్‌కి కూడా పంపారు. అదే 1948లో స్ట్రెప్టోమైసిన్ ప్రయోగ ఫలితాలు వచ్చాయి. మందు ఇచ్చిన 55 మందిలో ఆరు నెలల్లో నలుగురు పోయారు, మంచం మీద విశ్రాంతి మాత్రమే ఇచ్చిన 52 మందిలో 14 మంది. ఒక్క మందే వాడితే క్రిమి మొండికెత్తుతుందని కూడా అక్కడే తేలింది, ఇప్పుడు నేను ఇన్ని బిళ్లలు మింగడానికి మూలం అదే. మరణాలు పడిపోయిన ఘనతంతా ఎన్‌హెచ్‌ఎస్‌కే కట్టబెట్టడం తప్పు. అవి అంతకుముందు నుంచే తగ్గుతున్నాయి, తర్వాత మందులు తోడయ్యాయి. ఆ మందు కొనగలిగినవాడికే అన్న షరతు లేకుండా చేసింది మాత్రం ఎన్‌హెచ్‌ఎస్సే. ఇక రోగిని ఇంట్లోనే ఉంచి నయం చేయొచ్చని రుజువైంది లండన్‌లో కాదు, మన మద్రాసులో. 1956లో అక్కడ మొదలైన ప్రయోగంలో ఇరుకిళ్లలో ఉండి మందు తిన్నవాళ్లూ శానటోరియంలో ఉన్నవాళ్లూ దాదాపు సమానంగా కోలుకున్నారు.

డబ్బు వైపు కథ వేరు. జబ్బుపడ్డ కార్మికుడి కుటుంబం ఆకలితో మాడకూడదన్నది బ్రిటన్ సంక్షేమ వ్యవస్థకి పునాది వేసిన 1942 బెవరిజ్ నివేదిక మాట. 1946 నేషనల్ ఇన్సూరెన్స్ చట్టం కింద ఒంటరి మనిషికి వారానికి 26 షిల్లింగులు ఇచ్చారు. అద్దె ఊరికో రకంగా ఉంటే భృతి అందరికీ ఒకటే, అందుకే చాలామందికి చాలక ఆదాయం చూసి ఇచ్చే నేషనల్ అసిస్టెన్స్ తలుపు తట్టాల్సి వచ్చింది. టీబీ రోగులకి అందులో ప్రత్యేకంగా ఎక్కువ రేటు పెట్టారు, ఆ మేరకు మెచ్చుకోవాలి. అంతకుముందు 1943 నాటి భృతి ఊపిరితిత్తుల టీబీకే, అదీ కోలుకునే ఆశ ఉన్నవాళ్లకే దక్కేది. నా మెడ గడ్డ ఆ లెక్కలోకి వచ్చేది కాదు.

ఈ కాలానికి వస్తే, జబ్బుపడ్డవాడికి యజమాని చట్టప్రకారం ఇవ్వాల్సిన స్టాట్యుటరీ సిక్ పే 2025-26లో వారానికి 118.75 పౌండ్లు ఉండేది, అదీ 28 వారాలే. కనీస వేతనంతో వారానికి 37.5 గంటలు చేసేవాడి సంపాదనలో ఇది సుమారు పావు వంతు. తూర్పు లండన్‌లో ఒక గది అద్దెకే చాలదు. గ్రంథుల టీబీ అంటదు కాబట్టి ఒళ్లు సహకరిస్తే పనికి వెళ్లొచ్చు. ఊపిరితిత్తులదైతే కనీసం రెండు వారాలు ఇంట్లో ఉండమంటారు, గోడౌన్‌లో షిఫ్టు లెక్కన చేసే కుర్రాళ్లు ఆ మాట వినగానే మొహం తేలేస్తారు. మన దేశంలో నిక్షయ్ పోషణ్ యోజన కింద టీబీ రోగికి నెలకి 1,000 రూపాయలు ఇస్తున్నారు. మొత్తం చిన్నదే, కానీ జబ్బు పేరుమీద తిండికి డబ్బివ్వాలన్న ఆ బుద్ధి ఇక్కడ 1940లలో ఉండేది, ఇప్పుడు లేదు.

వర్క్ వీసా మీద ఉన్నవాళ్లు రెండు రకాల సాయాలకీ తేడా గుర్తుంచుకోవాలి. సిక్ పే, నేషనల్ ఇన్సూరెన్స్ చందాల మీద వచ్చే న్యూ స్టైల్ ఈఎస్‌ఏ (జబ్బుపడి పనిచేయలేనివాళ్లకి ఇచ్చే భృతి) తీసుకుంటే వీసాకి ముప్పు లేదు. తక్కువ ఆదాయం ఉన్నవాళ్లకి ఇచ్చే యూనివర్సల్ క్రెడిట్‌కి మాత్రం అప్లై చేయకూడదు, అది పబ్లిక్ ఫండ్స్ (వీసా షరతులు తీసుకోనివ్వని ప్రభుత్వ సాయం) కిందికి వస్తుంది. జబ్బు సెలవుకి మొదటి ఏడు రోజులు మీ సంతకం చాలు, ఆ తర్వాత ఫిట్ నోట్ (డాక్టర్ ఇచ్చే చీటీ) అడగండి.

మందు పూర్తయ్యాక గట్టి బఠాణీ గింజంత గడ్డ మిగిలిపోవచ్చు, దానికి మళ్లీ మందు అక్కర్లేదు. క్లినిక్ ఇచ్చే ఉత్తరంలో మందుల పేర్లు, మొదలుపెట్టిన తేదీ, ఆపిన తేదీ, కల్చర్ ఫలితం ఉన్నాయో లేదో చూసుకుని కాపీ దాచుకోండి. తర్వాత ఎప్పుడు ఎక్స్‌రే తీసినా అదే అడుగుతారు. గడ్డ మళ్లీ పెరిగినా, సాయంత్రం జ్వరం తిరగబెట్టినా జీపీ (ఇంటి దగ్గరి మామూలు డాక్టర్) చుట్టూ తిరగకుండా నేరుగా టీబీ నర్సుకే ఫోన్ చేయండి, నంబర్ ఆ ఉత్తరం మీదే ఉంటుంది.