బల్ల కింద పిల్లాడు

ఈ ఏడాది నా కిండర్‌గార్టెన్ క్లాసులో ఒకడున్నాడు. ఐదేళ్లు. పక్కవాళ్లని కొరకడం, బ్లాకులు విసరడం, బల్ల కింద దూరి బయటికి రానని మొండికేయడం. మొదటి నెల నేను చేసిందల్లా అరవడమే. నేను గొంతు పెంచితే వాడు ఇంకా పెంచేవాడు. మిగతా పిల్లలంతా మా ఇద్దరి కచేరీ చూస్తూ కూర్చునేవాళ్లు.

ఒకరోజు విసుగొచ్చి, తిట్టడం మానేసి నోట్‌బుక్ తీశాను. గొడవకి ముందు ఏం జరిగింది, వాడేం చేశాడు, తర్వాత ఏమైంది. ఈ మూడే రాసుకున్నా. రెండు వారాలకి విషయం అర్థమైంది. గొడవలు దాదాపు అన్నీ ఆట ఆపి సర్దేయమన్నప్పుడే! సగం కట్టిన ఇంటిని ఉన్నట్టుండి వదిలేయమంటే నాకైనా ఒళ్లు మండుతుంది కదా.

ఇప్పుడు 5 నిమిషాల ముందే చెబుతున్నా. ఆ వయసులో నిమిషాలంటే ఏం తెలుస్తుంది, అందుకే ఇసుక గడియారం పెట్టాను. దాన్ని తిప్పే డ్యూటీ వాడిదే. ఏడుపు మొదలైతే మాత్రం నీతులు చెప్పను, అప్పుడేం చెప్పినా బుర్రకెక్కదు. పక్కనే నేల మీద కూర్చుంటా, అంతే. మాటలన్నీ వాడు చల్లబడ్డాకే.

కొరకడం పూర్తిగా పోలేదు. సోమవారం కూడా ఒకటైంది. కానీ ఇన్నాళ్లూ నన్ను చూడగానే తల దించుకుని వెళ్లిపోయే వాళ్లమ్మకి, నిన్న వాడు బొమ్మలన్నీ సర్దిన సంగతి చెప్పాను. "మా వాడేనా మేడమ్?" అని రెండుసార్లు అడిగింది.