గరాటు గోడకు అంటింది

రాత్రి వాన దంచికొట్టింది. హైదరాబాద్‌లో ఈ సీజన్‌కి ఇదే మొదటి గట్టి వాన. పొద్దున్నే టీ కూడా తాగకుండా ల్యాబు డాబా ఎక్కాను. పావురాలకి థాంక్స్ చెప్పుకోవాలి, గాల్లోంచి దిగే మసినీ వాన నీళ్లనీ పట్టడానికి పెట్టిన గరాటు జోలికి ఈసారి రాలేదు. రెట్ట పడితే శాంపిల్ గోవిందా.

స్టీలు గరాటు, దాని కింద గోధుమరంగు గాజు సీసా, ఇంతే సరంజామా. నేను కొలిచేవి పీఏహెచ్‌లు, అంటే కార్బన్ వలయాలు ఒకదానికొకటి అతుక్కుని ఉండే రసాయనాలు. ఎండ తగిలితే వాటిలో కొన్ని విరిగిపోతాయి, అందుకే ఆ రంగు. ప్లాస్టిక్‌ని దగ్గరికి రానివ్వం. మనం కొలవాలనుకున్నదాన్ని అదే పీల్చేసుకుంటుంది.

ఈ పీఏహెచ్‌లు డీజిల్ పొగలో, చెత్త తగలబెట్టే చోట, కట్టెల పొయ్యిలో పుడతాయి. బీరువాలో చీరల మధ్య వేసే కలరా ఉండ కూడా ఈ కుటుంబమే. దాంట్లో ఉండేది రెండు వలయాల నాఫ్తలీన్, తేలిక కాబట్టి ఆవిరిగానే తిరుగుతుంది. ఐదు వలయాల బెంజోపైరీన్ మాత్రం మసిని పట్టుకుని వదలదు. మన గాలి ప్రమాణాల్లో 2009 నుంచి దానికి హద్దు ఉంది: ఏడాది సగటున ఘనపు మీటరుకు 1 నానోగ్రాము. కానీ అది గాల్లో ఉన్నదాని లెక్క. కిందికి ఎంత దిగుతోంది, చెరువుల్లోకి ఎంత పోతోంది అన్నది వేరే ప్రశ్న. నా తంటా అంతా దానితోనే.

గరాటు నోరు 30 సెంటీమీటర్లు. 10 మిల్లీమీటర్ల వాన పడితే 700 మిల్లీలీటర్ల నీళ్లు చేరతాయి. సీసాలో నీళ్లు తేటగానే ఉన్నాయి, అడుగున కాస్త నల్లటి పొడి. అసలు సరుకు గరాటు గోడ మీద ఉంటుంది. వాన లేని రోజుల్లో రాలిన మసి అక్కడే అతుక్కుంటుంది. పీఏహెచ్‌లకి నీళ్లంటే పడదు కాబట్టి వానకి మొత్తం కొట్టుకుపోదు. గ్లాస్ ఊల్‌ని (గాజు దూది) డైక్లోరోమీథేన్ అనే సాల్వెంట్‌లో తడిపి, పట్టకారుతో గోడంతా తుడిచాను. దీపం మీద పట్టిన కాటుకలా నల్లగా వచ్చింది. మహా విసుగు పని. అయినా ఎవరైనా సీసా నీళ్ల లెక్క ఒక్కటే చూపిస్తే నాకు నమ్మకం కుదరదు.

మధ్యాహ్నమంతా సాల్వెంట్‌తో కుస్తీ. పోల్చి చూసుకోడానికి పక్కన మూతపెట్టి ఉంచిన ఖాళీ గరాటుకీ ఇదే మర్యాద చేయాలి. అందులోనూ నాఫ్తలీన్ ఎంతో కొంత తేలుతుంది, ల్యాబు గాల్లోనే ఉంటుంది మరి. ఈ రసాయనాల్ని విడదీసి కొలిచే యంత్రం జీసీ-ఎంఎస్ మీద నా వంతు శుక్రవారానికి గానీ రాదు.

సాయంత్రం ఇంటి నుంచి అమ్మ ఫోన్. వాన నీళ్లు పట్టిందట, కందిపప్పు మెత్తగా ఉడుకుతుందని. గాల్లో చేరిన మసిని ఎక్కువగా దింపేది మొదటి చినుకులే, డాబా మీది దుమ్ము సరేసరి. ఈ నీళ్లు మొక్కలకి పోసెయ్, నాలుగు వానలు పడ్డాక పట్టుకో అన్నాను.

"బిందె నిండా పట్టాక ఇప్పుడా చెప్పేది? పప్పు పొయ్యి మీదుంది."